ఊడ్నడాటా ట్రాక్‌కు మోటార్ సైకిల్ మీద: ఏర్పాట్లలో నా అనుభవం

దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రపు ఉత్తర భాగంలో మారీ అనే చిన్న ఊరి దగ్గర మొదలై, విలియం క్రీక్, ఊడ్నడాటా ఊళ్ళ మీదుగా సాగి, మార్లా దగ్గర స్టువర్ట్ హైవేలో కలిసే మట్టిదారిని ఊడ్నడాటా ట్రాక్ అంటారు. దాని పొడవు సుమారు 620 కిలోమీటర్లు. అడిలైడ్‌లో స్థిరపడిన నేనూ, రాజమండ్రి నుంచి వచ్చి మాకు దగ్గరలోనే ఉంటున్న ఒక మిత్రుడూ కలిసి ఆ దారిని మోటార్ సైకిళ్ళ మీద దాటాలని నిశ్చయించుకున్నాక, ప్రయాణానికి పట్టిన కాలం కంటే దాని ఏర్పాట్లకు పట్టిన కాలమే చాలా ఎక్కువైంది. ఆ ఏర్పాట్లలో ఏది ఎందుకు చేశామో, ఏది కావాలనుకుని చివరికి ఎందుకు వదులుకున్నామో ఇక్కడ రాస్తున్నాను. దారిలోని విశేషాలు ఏర్పాట్లకు సంబంధించినంత వరకే వస్తాయి.

ముందుగా ఏ దారి అన్నది తేల్చుకోవలసి వచ్చింది. మారీ నుంచే ఈశాన్యంగా క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని బర్డ్స్‌విల్‌కు మరో మట్టిదారి ఉంది. పేరు విషయంలో అదే ఎక్కువ ప్రసిద్ధం. కానీ సుమారు 520 కిలోమీటర్ల ఆ దారిలో పెట్రోలు దొరికే చోటు మంగరానీ ఒక్కటే, అక్కడి నుంచి బర్డ్స్‌విల్ ఇంకా 310 కిలోమీటర్లు. సింప్సన్ ఎడారి ఇసుక దిబ్బల మాట మా స్థాయికి ఆలోచించవలసినదే కాదు. ఊడ్నడాటా ట్రాక్ మీద మాత్రం మారీ నుంచి విలియం క్రీక్, అక్కడి నుంచి ఊడ్నడాటా, అక్కడి నుంచి మార్లా ఒక్కొక్కటి ఇంచుమించు 200 కిలోమీటర్ల ఎడంలో ఉన్నాయి. 200 కిలోమీటర్లంటే ఎంతో మా అమ్మకు ఫోనులో చెప్పవలసి వచ్చినప్పుడు, హైదరాబాదులో బయలుదేరి జగ్గయ్యపేట చేరేదాకా ఒక్క పెట్రోలు బంకూ, ఒక్క టీ కొట్టూ, ఒక్క పంక్చరు షాపూ లేవనుకోమన్నాను. “మరి అక్కడ మనుషులు ఎందుకుంటారు నాయనా?” అని ఆమె అడిగింది.

ఆ ప్రశ్నకు సమాధానం వెతకడం మా ఏర్పాట్లకు నిజంగానే ఉపయోగపడింది. ఆ దారి అక్కడే ఎందుకు ఉందంటే, భూగర్భంలోని గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే విస్తారమైన జలరాశి నుంచి నీరు ఒత్తిడితో పైకి ఉబికి వచ్చే ఊటలు అక్కడ వరుసగా ఉన్నాయి. అరబానా తదితర ఆదివాసీ జాతుల వాళ్ళు వేల ఏళ్ళుగా ఆ ఊటల వెంటే రాకపోకలు సాగించారు. 1850ల చివరలో జాన్ మెక్‌డువాల్ స్టువర్ట్ అనే అన్వేషకుడు ఉత్తరానికి దారి వెతుకుతూ ఆ ఊటలనే పట్టుకుని వెళ్ళాడు. 1872లో పూర్తయిన ఓవర్‌లాండ్ టెలిగ్రాఫ్ లైను ఆయన నడిచిన దారినే చాలావరకు అనుసరించింది. ఆవిరి ఇంజన్లకు నీళ్ళు కావాలి గనక రైలు మార్గం కూడా దాని వెనకే వచ్చి 1891లో ఊడ్నడాటా చేరింది, 1929లో ఆలిస్ స్ప్రింగ్స్ దాకా సాగింది. వరదలకు మాటిమాటికీ కొట్టుకుపోతున్న ఆ లైనును 1980లో మూసి, పడమటగా కొత్త లైను వేశారు. రైలు పోయింది, దాని పక్కనున్న మట్టిదారి మిగిలింది. అంటే ఈ దారి గురించి ఎవరు ఆలోచించినా మొదటి లెక్క నీళ్ళదే. ఆ నీళ్ళు మనం తాగడానికి పనికివచ్చేవి కావు; ఉప్పు, ఖనిజాలు ఎక్కువ. అందువల్ల మ్యాపు మీద ఊట గుర్తు కనబడిన చోట నీళ్ళు ఉన్నాయని రాసుకోకూడదని మా కాగితం మీద మొదటి మాటగా రాసుకున్నాం.

కాలం ఎంచుకోవడంలో చర్చకు పెద్దగా తావు లేదు. ఊడ్నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ఆస్ట్రేలియాలో ఆ అంకెను ఇప్పటికీ ఏ ఊరూ దాటలేదు. అక్కడి వేసవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్ళడమే మర్యాద. జూలైలో బడి సెలవులు కాబట్టి కార్లు, క్యారవాన్లు ఎక్కువై ధుమ్ము లేస్తుందని, ఆగస్టు ఎంచుకున్నాం. శీతాకాలంలో పగలు ఎండ హాయిగా ఉన్నా, రాత్రి చలి సున్నా దరిదాపులకు దిగుతుంది. సంక్రాంతి చలికే దుప్పటి ముసుగేసుకునే మాకు నిద్రసంచి కొనడం మీదే ఎక్కువ డబ్బు ఖర్చయింది, అది ఖర్చు పెట్టదగిన చోటే.

బండి విషయానికి వస్తే, మా ఇద్దరి దగ్గరా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 ఉండటం కొంత యాదృచ్ఛికం, కొంత ఇష్టం. ఆస్ట్రేలియాలో కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్ళు మొదట్లో 660 సీసీ లోపు, నిర్ణీత శక్తి మించని బండ్లనే నడపాలన్న నిబంధన ఉంది. ఈ బండి ఆ జాబితాలోనిది. ఇక్కడి అనుభవజ్ఞులు దీని ఇరవై నాలుగు గుర్రాల శక్తిని చూసి జాలిగా నవ్వుతారు. కానీ మట్టిదారి మీద గంటకు డెబ్భై కిలోమీటర్లకు మించి వెళ్ళే ఉద్దేశం లేని మాకు ఆ శక్తి తక్కువ అనిపించలేదు. ఈ బండికి నిజమైన లోపం బరువు. పెట్రోలుతో కలిపి దాదాపు 200 కిలోలు. గుణం ఏమిటంటే, దీని ఇంజను సాదా 91 ఆక్టేన్ పెట్రోలు తాగుతుంది. మారుమూల ఊళ్ళలో, ముఖ్యంగా ఆదివాసీ జనావాసాల దగ్గర, పెట్రోలు వాసన పీల్చే దురలవాటును అరికట్టడానికి మామూలు పెట్రోలు స్థానంలో తక్కువ ఆరోమాటిక్ పెట్రోలు అమ్ముతారు. దాని ఆక్టేన్ 91. ప్రీమియం పెట్రోలు మాత్రమే కోరే ఖరీదైన బండ్లకు అక్కడ ఇబ్బంది రావచ్చు. ఇద్దరివీ ఒకే రకం బండ్లు కావడం వల్ల క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, లివర్లు వంటి విడిభాగాలు ఇద్దరికీ కలిపి ఒక్కో జత చాలాయి. వేర్వేరు బండ్ల మీద వెళ్ళేవాళ్ళు ఈ సంగతి తలుచుకుంటే ఎంత బరువు తగ్గుతుందో తెలుస్తుంది.

పెట్రోలు లెక్క దగ్గర మేము చాలా సాయంత్రాలు కూర్చున్నాం. ట్యాంకు 15 లీటర్లు. తారురోడ్డు మీద లీటరుకు 28 నుంచి 30 కిలోమీటర్లు ఇచ్చే బండి, సామాను వేసుకుని, కంకర మీద, ఎదురుగాలిలో ఎంత ఇస్తుందో ఊహించి చెప్పడం కుదరదు. అందుకని సామాను నింపిన సంచులతోనే అడిలైడ్‌కు ఉత్తరాన బుర్రా ప్రాంతపు కంకర రోడ్ల మీద తిరిగి, బంకు దగ్గర మూత అంచుదాకా నింపి చూసి, లీటరుకు 22 అనే అంకెను పట్టుకున్నాం. ఆ లెక్కన ట్యాంకు 330 కిలోమీటర్లు వస్తుంది. బంకుల మధ్య దూరం 200 మాత్రమే కాబట్టి అదనపు పెట్రోలు ఎందుకని మిత్రుడు వాదించాడు. వాదన సబబుగానే కనబడుతుంది. అయితే అక్కడ ఒక్కో ఊళ్ళో ఒక్కటే బంకు. ఆ బంకులో పంపు చెడిపోయినా, వానకు దారి మూసుకుపోయి ట్యాంకరు రాకపోయినా, కరెంటు లేకపోయినా పెట్రోలు లేనట్టే. అందువల్ల మధ్యలో ఏదో ఒక బంకు లేదని అనుకుని లెక్క మళ్ళీ వేశాం. విలియం క్రీక్ లేదనుకుంటే మారీ నుంచి ఊడ్నడాటాకు దాదాపు 410 కిలోమీటర్లు. విలియం క్రీక్ దాకా వెళ్ళి, పెట్రోలు దొరక్క మారీకి వెనుదిరగవలసి వచ్చినా అంతే దూరం. విలియం క్రీక్ నుంచి పడమటగా కూబర్ పీడీకి తప్పుకుందామంటే మరో 166 కలిపి 370. ఈ మూడింటికీ సరిపోయేలా ఒక్కొక్కరం ఐదు లీటర్ల క్యాను పెట్టుకుంటే, 20 లీటర్లతో 440 కిలోమీటర్లు వస్తాయి. మిగులు పెద్దగా లేదు, కానీ లోటు లేదు. పది లీటర్ల క్యానులు కొనాలన్న ఆలోచన ఈ లెక్కతో ఆగిపోయింది.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాం. తిరుగు ప్రయాణంలో స్టువర్ట్ హైవే మీద కూబర్ పీడీ నుంచి గ్లెండాంబోకు సుమారు 250 కిలోమీటర్లు మధ్యలో పెట్రోలు లేదు. అంటే మట్టిదారిలో ఎక్కడా లేనంత ఎడం నున్నటి తారురోడ్డు మీద ఉంది. పైగా తారురోడ్డు మీద వేగం పెరిగి, ఎదురుగాలికి పెట్రోలు మరింత ఖర్చవుతుంది. మట్టిదారి దాటేశాం గనక క్యాను ఖాళీగా ఉంచవచ్చు అని ఎవరైనా అనుకుంటే, వాళ్ళు బండి తోసుకునేది హైవే మీదే.

నీళ్ళ విషయంలో ఒక్కో మనిషికి పది లీటర్లు అనుకున్నాం. రోజుకు ఐదు లీటర్లు కనీసమని, బండి చెడి ఎండలో ఆగిపోతే ఇంకా ఎక్కువ అవసరమని అక్కడి వాళ్ళు చెబుతారు. కారులో వెళ్ళేవాళ్ళు ఇరవై, నలభై లీటర్లు పెట్టుకుంటారు. బండి మీద అది కుదరని పని. వీపు సంచిలో రెండు లీటర్లు, రెండు పక్కలా నాలుగేసి లీటర్ల మెత్తటి నీటి తిత్తులు కిందుగా కట్టుకుని, ప్రతి ఊళ్ళోనూ నింపుకోవాలని నిర్ణయించాం. ఒకే డబ్బాలో అన్ని నీళ్ళూ పెట్టకపోవడానికి కారణం చెప్పనక్కరలేదు. బండి పడితే పగిలేది ఒక్కటే అయి ఉండాలి.

ఈ దశలో అసలు సమస్య బరువేనని అర్థమైంది. మనం భయపడే ప్రతి ప్రమాదానికీ ఒక వస్తువు మార్కెట్లో ఉంటుంది. అన్నీ కొనుక్కుని బండికి కట్టుకుంటే, వదులు కంకర మీద ఆ బరువే ముందు చక్రాన్ని తేల్చి పడేస్తుంది. పడిన బండిని లేపడానికి నడుం పట్టేస్తుంది. అందుకని మా ఇంటి గరాజులో నేల మీద ఒక పాత చీర పరిచి, తీసుకెళ్ళదలచిన వస్తువులన్నీ దాని మీద పెట్టి, వంటింటి తూకంతో ఒక్కొక్కటీ తూచి, బరువు కాగితం మీద వేశాం. మడత కుర్చీలు, ల్యాప్‌టాప్, రెండో జత బూట్లు, డ్రోన్, గొడ్డలి మొదటి విడతలోనే పోయాయి. మిత్రుడి చిన్న ప్రెషర్ కుక్కరు మీద మాత్రం గట్టి వాదన నడిచింది. “అన్నా, అన్నం లేకుండా నేను ఎడారి చూడలేను” అన్నాడు. చివరికి కుక్కరు పోయి, ఉప్పుడు అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, పులిహోర పొడి, ప్లాస్టిక్ సీసాలో ఆవకాయ మిగిలాయి. ఆవకాయ బరువు గురించి అడగడానికి నాకూ మనసొప్పలేదు. వడపోత అయ్యాక ఒక్కో బండి మీద సామాను, నీళ్ళు, అదనపు పెట్రోలు కలిపి ముప్ఫై అయిదు కిలోల లోపుకు వచ్చింది. బరువైనవి కిందా ముందూ, తేలికైనవి పైనా వెనకా సర్దుకున్నాం. గట్టి అల్యూమినియం పెట్టెలకు బదులు మెత్తటి సంచులు ఎంచుకోవడానికి కారణం, బండి పక్కకు పడినప్పుడు కాలు పెట్టె కింద ఇరుక్కుంటే ఎముక విరగడం.

టైర్ల సంగతి కొంత వివరంగా చెప్పాలి. ఈ బండికి ముందు 21 అంగుళాల చక్రం, వెనక 17 అంగుళాలది; రెండూ స్పోకులవి, రెండింటిలోనూ ట్యూబులు ఉంటాయి. ట్యూబు లేని టైరుకు పంక్చరైతే బయటి నుంచే రబ్బరు దూర్చి గాలి కొట్టి వెళ్ళిపోవచ్చు. ట్యూబు టైరుకు చక్రం ఊడదీయాలి, టైరు అంచును రిమ్ము నుంచి తప్పించాలి, ట్యూబు మార్చాలి, మళ్ళీ ఎక్కించేటప్పుడు లివరుతో కొత్త ట్యూబును చిదపకుండా చూసుకోవాలి. మన ఊళ్ళో ఈ పని ఇరవై నిమిషాల్లో చేసే కుర్రవాళ్ళను చూస్తూ పెరిగాం గానీ చేతులు పెట్టిన వాళ్ళం కాదు. అందుకని ఇంటి వెనక గడ్డి మీద, వెంట తీసుకెళ్ళబోయే పనిముట్లతోనే, వేరే ఏ పనిముట్టూ ముట్టుకోకుండా, ఇద్దరం వెనక చక్రం విప్పి బిగించడం సాధన చేశాం. ఇందులో తేలిందేమిటంటే బండితో వచ్చిన స్పానరు ఇరుసు నట్టును కదిలించలేదు. పొడుగు పిడి ఉన్న ఒక స్పానరు జాబితాలో చేరింది. మధ్య స్టాండు ఉన్న బండి కావడం ఇక్కడ పెద్ద సదుపాయం. ముందు చక్రపు ట్యూబులు రెండు, వెనకది ఒకటి, అతుకుల పెట్టె, మూడు లివర్లు, బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు పెట్టుకున్నాం. ముందు చక్రపు ట్యూబును అవసరం పడితే వెనక టైరులో కూడా ఇరికించి ఊరు చేరవచ్చు గనక అవి రెండు.

ఆ దారి మీద పరుచుకుని ఉండే ముదురు ఎరుపు రాళ్ళను గిబ్బర్లు అంటారు. నున్నగా కనిపించినా అంచులు టైరును కోస్తాయి. గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది గానీ, మరీ తగ్గిస్తే రాయి దెబ్బకు ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగి చిరుగుతుంది. అందువల్ల తారురోడ్డు మీది గాలిలో కొద్దిగా మాత్రమే తగ్గించాలని అనుకున్నాం. కార్ల రాకపోకలకు దారి అడ్డంగా రేకులా ముడతలు పడుతుంది. దీన్ని కారుగేషన్ అంటారు. గంటల తరబడి ఆ కుదుపుకు నట్లు వదులవుతాయి, సామాను స్టాండుకు పగుళ్ళు వస్తాయి. బయలుదేరే ముందు ముఖ్యమైన ప్రతి బోల్టుకూ మరను పట్టి ఉంచే జిగురు రాసి బిగించి, దాని మీద తెల్ల రంగుతో ఒక గీత గీశాం. రోజూ సాయంత్రం ఆ గీతలు కలిసే ఉన్నాయో లేదో టార్చితో చూస్తే చాలు.

బండి సిద్ధమైనంత మాత్రాన నడిపేవాడు సిద్ధమైనట్టు కాదు గనక, బుర్రా రోడ్ల మీద పెట్రోలు కొలతతో పాటు సాధన కూడా చేశాం. లేచి నిలబడి నడపడం, చేతులు వదులుగా ఉంచడం, చూపు చక్రం ముందు కాకుండా దూరంగా నిలపడం, ముందు బ్రేకును మెత్తగా వాడటం అనే నాలుగు విషయాలు వింటే తేలిక. వదులు కంకరలో ముందు చక్రం ఊగుతుంటే యాక్సిలరేటర్ వదిలేయకుండా నిలపడం మాత్రం ఒళ్ళు ఒప్పుకోవడానికి కాలం పట్టింది. సామానుతో పడుకోబెట్టిన బండిని ఒంటరిగా లేపడం కూడా సాధన చేశాం. నా ఎత్తుకు, నా వయసుకు, సంచులు విప్పితేనే అది సాధ్యమని తేలింది. అందుకే సంచుల పట్టీలకు ఒక్క లాగుతో ఊడే కొక్కేలు మార్చుకున్నాను.

ఇక సహాయం పిలవడం గురించి. ఊళ్ళు దాటితే ఆ దారిలో మొబైల్ సిగ్నల్ ఉండదు. ఇద్దరం తలా ఒక వ్యక్తిగత అత్యవసర బీకన్ కొన్నాం. దాని మీట నొక్కితే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం వెళ్ళి, కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా సముద్ర భద్రతా సంస్థ రక్షణ కేంద్రానికి చేరుతుంది. కనీసం 24 గంటల పాటు సంకేతం పంపుతూనే ఉంటుంది. దానికి నెలవారీ రుసుము లేదు. కానీ ఆ సంస్థ దగ్గర ఉచితంగా నమోదు చేసుకోవాలి. అందులో మన ప్రయాణ వివరాలు, ఇంటి దగ్గర ఎవరిని సంప్రదించాలో రాసి పెడితే, సంకేతం అందగానే వాళ్ళు మొదట ఆ నంబరుకు ఫోను చేస్తారు. బీకన్‌ను సామాను సంచిలో పెట్టడం వృథా. బండి వాగులో పడి మనం గట్టు మీద పడితే అది అందదు. జాకెట్టు లోపలి జేబే దాని స్థానం. దానితో పాటు ఉపగ్రహం ద్వారా చిన్న సందేశాలు పంపే పరికరం ఒకటి ఇద్దరికీ కలిపి తీసుకున్నాం. బండి చెడింది కానీ మనుషులం క్షేమం అనే మాట చెప్పడానికి బీకన్ పనికిరాదు. దానికి తెలిసింది ప్రాణాపాయం ఒక్కటే. చేతిలో పట్టే యూహెచ్‌ఎఫ్ రేడియో మూడోది. రోడ్డు మీది వాహనాలు 40వ ఛానల్ వింటాయి. ఎదురుగా వచ్చే రోడ్ ట్రైన్, అంటే వరుసగా ట్రైలర్లు తగిలించిన లారీ, 53 మీటర్ల పొడుగు దాకా ఉండవచ్చు. దాని వెనక లేచే ధుమ్ములో ఏమీ కనబడదు గనక, ముందే ఎడమకు దిగి ఆగిపోవడం మా నియమం.

ఇవన్నీ ఉన్నా, ఆగిపోయిన చోట ఏం చేయాలో ముందే ఒప్పుకుని ఉండాలి. 1998 డిసెంబరులో, ఆ దారికి పక్కనే ఉన్న కటి తండా-లేక్ ఎయిర్ సరస్సు ఒడ్డున హాలిగన్ బే దగ్గర ఒక జంట వాహనం ఇసుకలో కూరుకుపోయింది. అక్కడ నీళ్ళ ట్యాంకు ఉంది. అయినా ఆస్ట్రియా నుంచి వచ్చిన ఆమె సాయం కోసం విలియం క్రీక్ వైపు నడక సాగించి, వేసవి ఎండకు దారిలోనే మరణించింది. వాహనం దగ్గర ఉన్న ఆమె సహచరుడు బతికాడు. ఈ సంగతి చదివాక మా కాగితం మీద రెండో నియమం చేరింది: బండి వదిలి ఎవరూ నడిచి వెళ్ళకూడదు, ఇద్దరిలో ఒకరు రెండో బండి మీద వెళ్ళవలసి వస్తే మిగిలినవారి దగ్గర బీకన్, నీళ్ళలో సగానికి పైగా, డేరా ఉండాలి. సరస్సు ఒడ్డుకు వెళ్ళే ఆ పక్కదారిని కూడా పథకంలోంచి తీసేశాం.

వైద్యం వైపు చూస్తే, 1928లో జాన్ ఫ్లిన్ ప్రారంభించిన రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానాలే ఆ ప్రాంతానికి దిక్కు. విమానం వచ్చేదాకా గడిచే గంటలు మాత్రం మన చేతిలో ఉంటాయి. ప్రథమ చికిత్స తరగతికి వెళ్ళి, ముఖ్యంగా పాముకాటుకు ఇక్కడ చేసే పద్ధతి నేర్చుకున్నాం: కాటు వేసిన చోట కడగకుండా, కోయకుండా, వెడల్పాటి సాగే కట్టుతో కాలంతా గట్టిగా చుట్టి, కదలకుండా కట్టి ఉంచడం. అటువంటి కట్లు మూడు పెట్టుకున్నాం. దక్షిణ ఆస్ట్రేలియాలో ఆంబులెన్సు ఖర్చు రోగే భరించాలి గనక దానికి విడిగా చందా కట్టాం. బండి బీమా పత్రం పూర్తిగా చదివి, మట్టిదారి మీద కూడా వర్తిస్తుందని రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నాం. ఈ పనుల్లో ఆసక్తికరమైనదేమీ లేదు, ఒక మధ్యాహ్నం చాలు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించింది వాన గురించి. ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా కురవని చోట వాన గురించి ఆలోచించడం వింతగా ఉండవచ్చు. కానీ అక్కడి బంకమట్టి కొద్దిపాటి తడికే జిగురై, ముందు చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య నిండి చక్రాన్ని ఆపేస్తుంది. ఈ కారణంగా ముందరి కింది మడ్‌గార్డును కొంత పైకి లేపి బిగించుకున్నాం. వానపడితే ప్రభుత్వం దారిని మూసేస్తుంది. మూసిన దారి మీద వెళితే భారీ జరిమానా, దారి చెడగొట్టినందుకు స్థానికుల కోపం. అవుట్‌బ్యాక్ అనే ఆ మారుమూల ప్రాంతపు రోడ్ల స్థితిని రాష్ట్ర రవాణా శాఖ ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. మేము ప్రయాణానికి చాలా ముందు నుంచే దాన్ని రోజూ చూస్తూ, ఎంత వానకు ఏ భాగం మూస్తారో, ఎంత కాలానికి తెరుస్తారో గమనించాం. బర్డ్స్‌విల్ దారికి ఎక్కడో క్వీన్స్‌లాండ్‌లో కురిసిన వాన వారాల తర్వాత కూపర్ క్రీక్ వరదగా వచ్చి అడ్డుపడుతుంది; ఊడ్నడాటా దారికి మాత్రం ఆ చుట్టుపక్కల కురిసి నీల్స్ వంటి వాగుల్లోకి దిగే వానే లెక్క. అందువల్ల మేము చూడవలసిన ఆకాశం కూడా చిన్నదే.

దీని మీద ఆధారపడి, ఇంటి దగ్గర ప్రశాంతంగా ఉన్నప్పుడే కొన్ని నిర్ణయాలు రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. ముందున్న భాగం మూసి ఉంటే ఉన్న ఊళ్ళోనే ఆగాలి. అందుకు ఖాళీ రోజులు పథకంలోనే ఉండాలి. సెలవు అయిపోతోందన్న కారణంతో ఎవరూ తొందరపెట్టకూడదు. పారే వాగును ముందు నడిచి చూడాలి, మోకాలి దాకా వస్తే దాటకూడదు. పొద్దు వాలేలోపు డేరా వేసుకోవాలి, ఎందుకంటే సంధ్య వేళల్లో కంగారూలు దారి మీదికి వస్తాయి. ఆ దారి దాటిపోయే అనా క్రీక్ పశుక్షేత్రం ప్రపంచంలోనే పెద్దదిగా పేరుపడింది, కంచెలు లేని చోట పశువులు కూడా అడ్డం వస్తాయి. ఇద్దరిలో ఎవరు వెనక్కి పోదామన్నా రెండోవాళ్ళు కారణం అడగకుండా ఒప్పుకోవాలి. ఈ చివరి నియమం మిత్రుడు ప్రతిపాదించాడు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఈ నిర్ణయాలతో పాటు రోజువారీ మజిలీలు, బండి నంబర్లు, బీకన్ గుర్తు సంఖ్యలు, ఏ రోజు ఎక్కడ పెట్రోలు పోసుకుంటామో, ఆ రాత్రి ఏ గంట లోపు సందేశం రాకపోతే ఆందోళన పడాలో, ఆ తర్వాత ఎంతసేపు ఆగి పోలీసులకు ఫోను చేయాలో రాసిన కాగితం ఒకటి నా శ్రీమతికి ఇచ్చాను. ఆమె దాన్ని చదివి, “సందేశం ఆలస్యమైతే వెంటనే ఫోను చేస్తాను, మీ పన్నెండు గంటల గడువు నాకొద్దు” అంది. ఉపగ్రహ పరికరం బ్యాటరీ అయిపోవడం వంటి చిన్న కారణాలు కూడా ఉంటాయని వివరించి, మధ్యేమార్గంగా మర్నాడు ఉదయం తొమ్మిది గంటలకు ఒప్పించవలసి వచ్చింది. ఇటువంటి గడువును వెళ్ళేవాళ్ళు ఒక్కరే నిర్ణయించకూడదు. ఎదురుచూసేవాళ్ళు భరించగలిగినంతే ఉండాలి.

పథకం దారి మీద ఎలా నిలిచిందో కొద్దిగా చెబుతాను. పోర్ట్ ఆగస్టా, హాకర్ మీదుగా మారీ చేరేదాకా అంతా సాఫీగానే సాగింది. మారీలో ఒంటెలవాళ్ళు కట్టుకున్న మట్టి మసీదుకు నమూనాగా కట్టిన పందిరి చూశాం. అఫ్గనిస్తాన్, బలూచిస్తాన్, పంజాబ్, సింధ్ ప్రాంతాల నుంచి వచ్చిన ఆ ఒంటెలవాళ్ళే రైలుకు ముందు ఈ ఎడారికంతా సరుకులు మోశారు, వాళ్ళ పేరు మీదే రైలుకు ఘాన్ అనే పేరు వచ్చింది. విలియం క్రీక్ చేరిన రాత్రి చినుకులు పడ్డాయి. తెల్లవారేసరికి ఉత్తరానికీ కూబర్ పీడీకీ రెండు దారులూ మూసేశారు. రాసుకున్న ప్రకారం కదలకుండా, అక్కడి హోటలు వెనక డేరాలోనే ఆగాం. ఒక పెద్ద బండి మీద వచ్చిన ఆయన మాత్రం వెళ్ళి చూస్తానని బయలుదేరి, కాసేపటికే బండి ముందు చక్రం నిండా ఎర్రమట్టితో నడిపించుకుంటూ తిరిగివచ్చాడు. దారి తెరిచాక వెళితే, పాత రైలు మార్గపు ఆల్జిబకినా వంతెన కింద నీల్స్ వాగులో నీళ్ళు ఉన్నాయి గానీ దారి మీది మడుగులు చీలమండ దాటలేదు. ఆ భాగంలో బండి లీటరుకు 21 మాత్రమే ఇచ్చింది. అదనపు క్యాను వాడవలసిన అవసరం రాలేదు. వెనక టైరు ఒక్కసారి గిబ్బర్ల మీద పంక్చరైంది. ఇంటి గడ్డి మీద చేసినంత తొందరగా కాకపోయినా, ఈగలను తోలుకుంటూ మార్చుకున్నాం.

వెంట తీసుకెళ్ళి వాడనివి కూడా కొన్ని ఉన్నాయి. రేడియోను రోడ్ ట్రైన్ల వాళ్ళతో రెండు మూడు మాటలకు మించి వాడలేదు, అయినా మళ్ళీ తీసుకెళతాను. వంట గ్యాసు పొయ్యి అనవసరం అనిపించింది. ప్రతి ఊళ్ళో తిండి దొరికింది, దారిలో అటుకులు సరిపోయాయి. ఆవకాయ ఊడ్నడాటా చేరకముందే అయిపోయింది.

మార్లాలో తారురోడ్డు ఎక్కి సిగ్నల్ రాగానే చేసిన మొదటి పని, నా శ్రీమతికి ఫోను చేసి మట్టిదారి దాటేశామని, ఆ కాగితంలోని మొదటి భాగం కొట్టివేయమని చెప్పడం. ప్రయాణ పథకం ఎవరికైనా ఇచ్చినవాళ్ళు అది ముగిసిందని కూడా చెప్పి తీరాలి. లేకపోతే క్షేమంగా భోజనం చేస్తున్న మనుషుల కోసం విమానం బయలుదేరుతుంది. “కూబర్ పీడీ నుంచి ఎన్నింటికి ఫోను చేస్తారు?” అని ఆమె రెండో పేజీ తీసింది. సాయంత్రం ఐదని చెప్పి, పెట్రోలు పోయించుకోవడానికి వరుసలో నిలబడ్డాం.